ఫోనుకీ ప్రమాద హెచ్చరిక

రాజోలు దగ్గర్నుంచి ఓ విలేకరి రాశారు: "రొయ్యల చెరువుల నీళ్ళు పంట కాలువలో కలిపేస్తున్నారని వార్త రాశానండీ. వారం తిరక్కుండా 'మీ ఐఫోన్ మీద స్పైవేర్ దాడి జరుగుతోంది' అని యాపిల్ పేరుతో మెయిల్ వచ్చింది. ఒకటే టెన్షన్. ఇది నిజమేనా? నిజమైతే కంపెనీ దాన్ని ఆపాలి గానీ, నాకో మెయిల్ పడేసి చేతులు దులుపుకోవడమేంటి?"

ముందు మెయిల్ సంగతి చూద్దాం. అందులో లింకు నొక్కమన్నా, ఫైల్ తెరవమన్నా, పాస్‌వర్డో కోడో అడిగినా అది దొంగ మెయిలే, యాపిల్ ఈ హెచ్చరికల్లో అవేవీ అడగదు. బ్రౌజర్‌లో అకౌంట్ డాట్ యాపిల్ డాట్ కామ్ అని మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి, నిజం హెచ్చరికైతే పేజీ పైనే ఉంటుంది. లేదంటే మెయిల్ తీసేసి మీ చెరువుల వార్త కొనసాగించండి. ఉంటే మాత్రం వెంటనే ఫోన్ అప్‌డేట్ చేసి, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేయండి, స్పైవేర్ దూరే దారులు చాలావరకు మూసేస్తుంది. మెసేజ్‌ల్లో అటాచ్‌మెంట్లు చాలావరకు రావు, కొన్ని వెబ్‌సైట్లు సరిగ్గా తెరుచుకోవు, భరించాలి. కాలువ గొడవకి ఎవరైనా అంత ఖరీదైన సరుకు దింపుతారా అని నాకు అనుమానమే, కానీ విలేకరి అన్నాక తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక చేతులు దులుపుకోవడం గురించి. మీది గోదారి ఊరే కదండీ, ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది అని మీకు తెలియంది కాదు. ఆ హెచ్చరిక వరదని ఆపదు, కానీ అదే లేకపోతే లంకల్లో వాళ్ళు పశువుల్ని గట్టెక్కించేదెప్పుడు? పైగా వరదైతే కంటికి కనిపిస్తుంది, ఫోన్లో దూరిన పెగాసస్ లాంటి స్పైవేర్, అంటే దొంగచాటుగా నిఘా వేసే సాఫ్ట్‌వేర్, కనిపించదు. మన దేశంలో పెగాసస్ వాడారన్న ఆరోపణల మీద సుప్రీంకోర్టు 2021లో వేసిన నిపుణుల కమిటీ 29 ఫోన్లు పరీక్షించి, 5 ఫోన్లలో ఏదో మాల్వేర్ ఉందంది గానీ అది పెగాసస్సేనని తేల్చలేకపోయింది, కేంద్రం సహకరించలేదని కూడా చెప్పింది. నిపుణులకే దొరకనిది మనకేం దొరుకుతుంది? తేడా ముందు కనిపించేది సర్వర్లు చేతిలో ఉన్న కంపెనీకే. పైగా ఆ సరుకు ప్రభుత్వాలకే అమ్ముతామని పెగాసస్ చేసిన ఎన్ఎస్ఓ సంస్థే చెబుతుంది, ఇక మనం ఏ స్టేషన్‌కెళ్ళి కంప్లయింట్ ఇస్తాం! అందుకే చెప్పడం కంపెనీ దయ కాదు, డ్యూటీ.

అలాగని చెప్పేసి ఊరుకుంటే ఒప్పుకోను. 2019లో వాట్సాప్ కాల్ లోపం వాడుకుని, ఎత్తకపోయినా సరే, సుమారు 1,400 మంది మీద పెగాసస్ వదిలారు, వాళ్ళలో మనదేశపు జర్నలిస్టులూ లాయర్లూ ఉన్నారు. వాట్సాప్ లోపం సరిచేసి, బాధితులకి చెప్పి, ఎన్ఎస్ఓ మీద అమెరికా కోర్టుకెళ్ళింది. 2025 మేలో జ్యూరీ దాదాపు 16.7 కోట్ల డాలర్లు కట్టమంది, తర్వాత జడ్జి దాన్ని 40 లక్షల డాలర్లకి కోసేశారు గానీ వాట్సాప్ జోలికి రావద్దని ఎన్ఎస్ఓని శాశ్వతంగా ఆపేశారు. ఆయ్, అదీ పద్ధతి! యాపిల్ కూడా 2021లో కేసు వేసింది, 2024లో తనే వెనక్కి తీసుకుంది. 2023 అక్టోబర్‌లో మన ప్రతిపక్ష నేతలకి పంపిన హెచ్చరికలో ప్రభుత్వ అండ ఉన్న దాడి అని రాసిన కంపెనీయే, 2024 ఏప్రిల్ నుంచి 'కిరాయి స్పైవేర్' అంటోంది. వరద వస్తోందని చెప్పి, అది గౌతమి పాయకో వశిష్ఠ పాయకో చెప్పనట్టుంది నాకైతే.

ముమ్మిడివరం నుంచి ఇంకొకరు: "నాది ఆండ్రాయిడ్. మాకెవరూ చెప్పరా?"

గూగుల్ 2012 నుంచే జీమెయిల్ వాడేవాళ్ళకి ఇలాంటి హెచ్చరికలు పంపుతోంది. మీ అసలు చిక్కు అప్‌డేట్లతో. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 లాంటి పెద్ద ఫోన్లకి 7 ఏళ్ళ మాటిచ్చారు, చవక ఫోన్లకి అంతకాలం ఇవ్వరు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి, ఏడాది దాటిపోతే బ్యాంకు యాప్ అందులోంచి తీసేయండి.