అమ్మాయికి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కాలేజీ చూపించడానికి వెళ్తున్నాం, అక్కడి ఆర్ట్ మ్యూజియం చూడటం అవసరమా?

తప్పకుండా చూడండి. "ఆర్ట్ గురించి మాకు ఏమీ తెలియదు, వెళ్ళి ఏం చేస్తాం" అని రాశారు. ఏమీ తెలియనివాళ్ళకి ఇలాంటి చిన్న మ్యూజియమే మంచిదని నా అనుభవం. పెద్ద మ్యూజియంలో అన్నీ చూసెయ్యాలనే ఆత్రంలో ఏదీ సరిగ్గా చూడం. ఓబర్లిన్‌లోని అలెన్ మెమోరియల్ ఆర్ట్ మ్యూజియంలో ఆ హడావుడి ఉండదు. టికెట్ లేదు, గంటన్నర ఉంటే చాలు. సోమవారం మాత్రం వెళ్ళకండి, సెలవు.

మా అమ్మాయి అక్కడే చదివింది. తనని చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను ముందుగా వెళ్ళి నిలబడేది టెర్ బ్రుఖెన్ అనే డచ్ చిత్రకారుడు 1625లో వేసిన సెయింట్ సెబాస్టియన్ బొమ్మ ముందే. తన మతం కోసం బాణాల దెబ్బలు తిన్న క్రైస్తవ సాధువు ఆయన. బాణాలు దిగిన ఒళ్ళు పాలిపోయి, ఆకుపచ్చ ఛాయకు తిరిగి ఉంటుంది. ఐరీన్ అనే ఆవిడ ఒక బాణాన్ని మెల్లగా లాగుతుంటే, వెనక పనిమనిషి అతని మణికట్టుకు కట్టిన తాడు విప్పుతుంటుంది. మనిషి బతుకుతాడో లేదో తెలియదు, వాళ్ళిద్దరూ మాత్రం తమ పని చేసుకుపోతుంటారు. ఆ కథ తెలియకపోయినా, ఆస్పత్రిలో మనవాళ్ళ మంచం పక్కన కూర్చున్న ఎవరికైనా ఆ బొమ్మ అర్థమవుతుంది. కాసేపు కదలకుండా చూడండి.

ఇంకొకటి, జర్మన్ చిత్రకారుడు కిర్క్‌నర్ 1915లో సైనికుడి యూనిఫాంలో వేసుకున్న తన బొమ్మ. అందులో కుడి చెయ్యి మణికట్టు దాకా తెగిపోయి ఉంటుంది. నిజానికి ఆయన చెయ్యి పోలేదు. యుద్ధం తనని బొమ్మలు వెయ్యలేని మనిషిగా మార్చేస్తుందన్న భయం అది. 1937లో నాజీలు "దిగజారిన కళ" అంటూ పెట్టిన ప్రదర్శనలో దీన్ని కూడా వేలాడదీశారు. పిల్లలకి ఈ సంగతి చెప్పి చూపించండి.

జపాన్ చెక్క అచ్చు చిత్రాలు కూడా ఇక్కడ చాలా ఉన్నాయి, కానీ వెలుతురుకి రంగులు వెలిసిపోతాయి కాబట్టి అన్నీ ఒకేసారి బయట పెట్టరు.

మీ అమ్మాయికి మాత్రం ఆర్ట్ రెంటల్ గురించి తప్పకుండా చెప్పండి. ఎలెన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ 1940లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. సెమిస్టర్ మొదట్లో విద్యార్థులు మ్యూజియం నుంచి అసలు కళాఖండాన్నే అద్దెకు తీసుకుని హాస్టల్ గదిలో పెట్టుకోవచ్చు. అద్దె చాలా తక్కువ! నచ్చింది దొరకాలని రాత్రంతా మ్యూజియం బయట క్యూలో పడుకుంటారు. మా అమ్మాయి ఒక ప్రింట్ తెచ్చుకున్నప్పుడు, దానికేమైనా అయితే ఎలా అని మాకే టెన్షన్. తనేమో నిద్ర లేవగానే దాన్నే చూసేది. కాలేజీ ఒక పంతొమ్మిదేళ్ళ పిల్లని నమ్మి అంత విలువైనది చేతిలో పెట్టడం నాకు చాలా గొప్పగా అనిపించింది. కాలేజీ ఎంపికలో ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలంటాను.

బయట పచ్చికలో సగం పాతిపెట్టినట్టున్న పెద్ద కరెంటు ప్లగ్గు కనిపిస్తుంది, క్లేస్ ఓల్డెన్‌బర్గ్ శిల్పం. చిన్నపిల్లలు వెంట ఉంటే ముందు అక్కడికే పరిగెడతారు. ఊళ్ళోనే ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరున్న అమెరికన్ ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన ఇల్లు ఒకటి మ్యూజియం చూసుకుంటోంది. అది రోజూ తెరవరు, కాబట్టి బయల్దేరే ముందే వెబ్‌సైట్‌లో తేదీలు చూసుకోండి.