కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో కోటా కాన్ఫరెన్స్‌కి కాదు, ఛాంపియన్‌కి

మీ ప్రశ్న ఇది: "మా తమ్ముడు అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్నాడు. పది మ్యాచ్‌లు గెలిచిన నోటర్ డేమ్‌ని 2025 ప్లేఆఫ్‌లోకి తీసుకోలేదట, 24వ ర్యాంకు జట్టుని తీసుకున్నారట. అసలు ఏ కాన్ఫరెన్స్‌కి ఎన్ని సీట్లని ఎలా పంచుతారు?"

సూటిగా చెప్పాలంటే, అలా ఎవరూ పంచరు. కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీలు కలిసి పెట్టుకున్న లీగ్. ప్లేఆఫ్ అంటే కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ చివర విజేతని తేల్చే నాకౌట్ పోటీ. అందులో ఉన్నవి 12 సీట్లు. వాటిలో ఐదు, కాన్ఫరెన్స్‌ల ఛాంపియన్లలో ర్యాంకు బాగున్న ఐదుగురికి. మిగతా ఏడూ ఏ కాన్ఫరెన్స్‌వైనా సరే, ర్యాంకు బాగున్న జట్లకి. అందుకే 2025లో ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్ నుంచి ఐదు జట్లు వచ్చాయి, బిగ్ టెన్ నుంచి మూడు వచ్చాయి, బిగ్ 12 నుంచీ ఏసీసీ నుంచీ ఒక్కొక్కటే వచ్చాయి. ఇది ఎవరో రాసిపెట్టిన వాటా కాదు, ఆ ఏడాది లెక్క అలా తేలిందంతే. ముందు ఏడాది ఇదే పద్ధతిలో బిగ్ టెన్‌కి నాలుగు, ఎస్ఈసీకి మూడు, ఏసీసీకి రెండు వచ్చాయి.

కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీలు కలిసి పెట్టుకున్న లీగ్. మన స్కూలు ఆటల పోటీలు గుర్తున్నాయా? మండలంలో గెలిచిన వాలీబాల్ జట్టు పైకి వెళ్ళేది. పక్క మండలంలో ఓడిపోయిన జట్టు మనకంటే గట్టిదని అందరికీ తెలిసినా సరే, మండలం గెలిచింది మనమే కాబట్టి మనమే వెళ్ళేవాళ్ళం. ఆ ఐదు సీట్లూ అలాంటివి. ఇక ఆ ఏడు సీట్లంటారా, పక్క మండలంలో ఓడిన గట్టి జట్లని కూడా సెలెక్టర్లు కూర్చుని ఏరినట్టు.

సెలెక్టర్లు ఎందుకంటే, పై స్థాయిలో 130కి పైగా కాలేజీలున్నాయి, ఒక్కో జట్టు మామూలు సీజన్‌లో ఆడేది 12 మ్యాచ్‌లే. ఎవరు ఎవరికంటే మెరుగో మైదానంలో తేలే అవకాశమే లేదు. అందుకని 13 మంది కమిటీ ఒకటి నవంబర్ నుంచి ప్రతి వారం 25 ర్యాంకులు ప్రకటిస్తుంది. మెంబర్‌కి సంబంధం ఉన్న కాలేజీ గురించి చర్చ వస్తే ఆయన గది బయటికి వెళ్ళిపోవాలి. ఈ కమిటీ కూర్చునేది డాలస్ పక్కన గ్రేప్‌వైన్‌లో. నేనుండే ఇర్వింగ్‌కి అది పక్క ఊరే. ప్లేఆఫ్ ఆఫీసూ, బిగ్ 12 ఆఫీసూ మా ఇర్వింగ్‌లోనే ఉన్నాయి.

నాకీ గొడవ ఎలా అంటుకుందో చెప్తాను. అది చెప్పకపోతే నా అభిప్రాయం ఎటు మొగ్గుతుందో మీకు అర్థం కాదు.

నేను 2017లో అరిజోనా స్టేట్‌లో ఎం.ఎస్.కి వెళ్ళాను. ఆ యూనివర్సిటీ ఉన్న టెంపీలో మన తెలుగు పిల్లలు చాలామంది ఉంటారు, మీకు తెలిసే ఉంటుంది. క్యాంపస్ ఉద్యోగాల్లో భాగంగా మ్యాచ్ రోజుల్లో స్టేడియంలో తినుబండారాల కౌంటర్‌లో నిలబడేదాన్ని. ఆ ఎడారి ఎండకి మ్యాచ్‌లు ఎక్కువగా రాత్రిపూటే మొదలయ్యేవి. మా కౌంటర్ మెట్ల కింద, కాంక్రీటు నడవాలో. మైదానం కనిపించదు. పైనున్న చిన్న టీవీలో చూడాల్సిందే, అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చేది. అందుకని ముందు నెత్తి మీద వేలమంది కాళ్ళు దబదబలాడిన చప్పుడు, ఆ తర్వాత టీవీలో టచ్‌డౌన్, అంటే బంతిని అవతలివాళ్ళ గీత దాటించి పాయింట్లు కొట్టడం. నాచోస్ మీద చీజ్ పోస్తూ పోస్తూ, ఆ చప్పుడుని బట్టే మనవాళ్ళు కొట్టారో అవతలివాళ్ళు కొట్టారో చెప్పడం నేర్చుకున్నాను. నేను ఈ ఆట నేర్చుకున్నది చెవులతోనే.

నాతో పనిచేసే ఒక పెద్దావిడ ఉండేవారు, ఆ ఊరి మనిషే. అప్పట్లో ప్లేఆఫ్‌కి నాలుగే జట్లు. 2014 సీజన్ నుంచి 2023 వరకు అంతే. పెద్ద కాన్ఫరెన్స్‌లేమో ఐదు. అంటే ప్రతి ఏడాదీ కనీసం ఒక పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్‌ ఇంట్లో కూర్చోవాల్సిందే. అప్పుడు మేం ఉన్నది పాక్-12లో. ఆ పదేళ్ళలో ఆ కాన్ఫరెన్స్ నుంచి ప్లేఆఫ్‌కి వెళ్ళింది మూడుసార్లే. నేను టెంపీలో ఉన్న రెండు సీజన్లలో ఒక్కసారి కూడా లేదు. 2017లోనేమో ఎస్ఈసీ నుంచే జార్జియా, అలబామా రెండూ వెళ్ళాయి, ఫైనల్ కూడా ఆ రెండే ఆడుకున్నాయి. అలబామా ఆ ఏడాది వాళ్ళ కాన్ఫరెన్స్ ఛాంపియన్ కూడా కాదు. ఆ రోజు ఆవిడ, "మనం గెలిచినా ఎవరో ఒకరు ఓటేస్తేనే వెళ్ళాలి" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

నాలుగు జట్ల పద్ధతి చివరి ఏడాది, 2023లో, ఫ్లోరిడా స్టేట్‌కి జరిగింది ఇంకా దారుణం. 13కి 13 గెలిచి, ఏసీసీ ఛాంపియన్ అయి కూడా బయట ఉండిపోయింది. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) గాయపడ్డాడు కాబట్టి జట్టు ఇక మునుపటిలా లేదన్నది కమిటీ వాదన. ఒక మ్యాచ్ ఓడిన అలబామా నాలుగో సీటు తీసుకుంది. అన్నీ గెలిచిన పిల్లలకి ఇక ఏం చేస్తే సీటు ఇస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2024లో 12 జట్ల పద్ధతి వచ్చింది. మొదట ఆరుగురు ఛాంపియన్లు, ఆరు ఇతర జట్లు అనుకున్నారు. ఈలోగా పాక్-12 చెల్లాచెదురై రెండు జట్లు మిగిలేసరికి దాన్ని ఐదు, ఏడుగా మార్చారు. మా అరిజోనా స్టేట్ బిగ్ 12కి వెళ్ళింది. అంతకుముందు ఏడాది మావాళ్ళు 3 గెలిచి 9 ఓడారు. సీజన్ ముందు అంచనాల్లో బిగ్ 12లోని 16 జట్లలో మాది 16వ స్థానం.

ఆ జట్టు డిసెంబర్ 7న ఆర్లింగ్టన్‌లో కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది, అయోవా స్టేట్‌తో. మా ఇంటికి దగ్గరే, వెళ్ళాం. టెంపీలో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉన్న వరంగల్ అమ్మాయి హ్యూస్టన్ నుంచి కారేసుకుని వచ్చింది. పై అంతస్తులో సీట్లు, మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు, అయినా ఏదీ టీవీలో ఆలస్యంగా కాకుండా కళ్ళముందే జరుగుతోంది. మ్యాచ్ ముందు మా ర్యాంకు 15. ఓడితే ఏ కమిటీ మమ్మల్ని తీసుకోదు. గెలిస్తే ఎవరి దయా అక్కర్లేదు. 45-19తో గెలిచారు. కామ్ స్కాటెబో మూడు టచ్‌డౌన్లు కొట్టాడు. మా ముందు వరసలో ఒక ముసలాయన పసుపు టవల్ మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. నాకు ఆ కౌంటర్ దగ్గరి పెద్దావిడ గుర్తొచ్చారు.

మర్నాడు జాబితా వచ్చింది. 11వ ర్యాంకు అలబామా బయట, 12వ ర్యాంకు మేము లోపల, 16వ ర్యాంకు క్లెమ్సన్ కూడా ఏసీసీ ఛాంపియన్‌గా లోపల. పైగా ఆ ఏడాది నియమం ప్రకారం మొదటి నాలుగు సీడ్‌లు, అంటే ప్లేఆఫ్ డ్రాలో పై నాలుగు స్థానాలు, ఛాంపియన్లకే. కాబట్టి మాకు నాలుగో సీడ్, మొదటి రౌండ్ ఆడక్కర్లేని బై. ఇది మాత్రం ఎక్కువే, ఒప్పుకుంటాను. 12వ ర్యాంకు జట్టుకి నాలుగో సీడ్ ఏమిటని అందరూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బై వచ్చిన నాలుగు జట్లూ క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయాయి, ఎనిమిదో సీడ్ ఒహాయో స్టేట్ కప్పు కొట్టింది. 2025 నుంచి ఆ నియమం తీసేశారు. ఇప్పుడు ఆ ఐదుగురు ఛాంపియన్లకి సీటు ఖాయం, సీడ్ మాత్రం ర్యాంకుని బట్టే.

అయితే మా వాళ్ళు ఊరికే ఓడలేదు. జనవరి 1న పీచ్ బౌల్ అనే ఆ క్వార్టర్ ఫైనల్లో టెక్సస్ మీద. నాలుగో క్వార్టర్లో 24-8తో వెనకబడి, అక్కడి నుంచి 24-24కి లాక్కొచ్చారు. ఓవర్‌టైంలో ముందు మేమే కొట్టి 31-24. టెక్సస్‌కి నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఇంకా 13 గజాలు కావాలి. ఆ ఒక్క బంతి ఆపితే మ్యాచ్ మాది. ఇంట్లో ఎవరూ కూర్చుని లేరు, బిర్యానీ ప్లేట్లు అలాగే చల్లారిపోతున్నాయి. క్విన్ యూయర్స్ విసిరాడు, మాథ్యూ గోల్డెన్ నేరుగా ఎండ్ జోన్‌లో (గీత అవతల టచ్‌డౌన్ అయ్యే చోట) పట్టుకున్నాడు, 28 గజాలు. రెండో ఓవర్‌టైంలో 39-31తో ఓడిపోయాం. ఆ రోజు నా టెన్షన్ ఇప్పుడు రాస్తున్నా చేతుల్లోకి వస్తోంది. ఆ జట్టు ప్లేఆఫ్‌కి పనికిరాదని ఆ తర్వాత నాతో ఎవరూ అనలేదు.

ఇప్పుడు మీ తమ్ముడి ప్రశ్నకి వస్తాను. 2025లో జరిగింది ఏసీసీలో మొదలైంది. అక్కడ ఐదు జట్లు 6-2తో, అంటే 6 గెలుపులు, 2 ఓటములతో, సమానమయ్యాయి. టైబ్రేకర్లో మయామి పోయి, డ్యూక్ ఫైనల్‌కి వెళ్ళింది, వర్జీనియాని ఓడించి ఛాంపియన్ అయింది. కానీ డ్యూక్ మొత్తం లెక్క 8 గెలుపులు, 5 ఓటములు. నియమంలో రాసింది "ర్యాంకు బాగున్న ఐదుగురు ఛాంపియన్లు" అని, "పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్లు" అని కాదు. కాబట్టి డ్యూక్‌ని దాటి చిన్న కాన్ఫరెన్స్‌ల ఛాంపియన్లు ఇద్దరు లోపలికి వచ్చారు: 20వ ర్యాంకు టులేన్, 24వ ర్యాంకు జేమ్స్ మాడిసన్. మీ తమ్ముడు చెప్పిన 24వ ర్యాంకు జట్టు ఇదే.

దాంతో 11, 12 ర్యాంకుల్లో ఉన్నవాళ్ళు బయటపడ్డారు. 11 నోటర్ డేమ్, 12 బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ). నోటర్ డేమ్ ఫుట్‌బాల్లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు, స్వతంత్రంగా ఆడుతుంది. కాబట్టి ఛాంపియన్ దారి వాళ్ళకి లేనే లేదు, ఏడు సీట్లలో ఒకటి దొరకాల్సిందే. ఏడోది 10వ ర్యాంకు మయామికి వెళ్ళింది. ఇద్దరూ 10-2, సీజన్ మొదటి వారంలో మయామి 27-24తో నోటర్ డేమ్‌ని ఓడించింది. నన్నడిగితే ఆ చివరి నిర్ణయం సరైందే. బాధ ఎక్కడంటే, నవంబర్ అంతా నోటర్ డేమ్‌ని మయామికి పైన పెట్టి, ఆ ఇద్దరూ ఆడని ఆఖరి వారంలో తారుమారు చేశారు. ఆ పిల్లలకి కోపం రావడంలో తప్పులేదు. ఆ మయామి ఫైనల్ దాకా వెళ్ళి ఇండియానా చేతిలో 27-21తో ఓడింది.

2026 సీజన్ నుంచి ఇది మారుతోంది. జట్ల సంఖ్య 12గానే ఉంటుంది. కానీ ఎస్ఈసీ, బిగ్ టెన్, ఏసీసీ, బిగ్ 12 ఛాంపియన్లకి ర్యాంకుతో పని లేకుండా సీటు. మిగతా కాన్ఫరెన్స్‌లన్నిటికీ కలిపి ఒక్క ఛాంపియన్‌కే. నోటర్ డేమ్ మొదటి 12లో ఉంటే వాళ్ళకీ ఖాయం. అంటే ఈ నియమం ఏడాది ముందే ఉండి ఉంటే డ్యూక్ లోపల, జేమ్స్ మాడిసన్ బయట.

డబ్బు వాటా మాత్రం నిజంగానే ముందే పంచేశారు. టీవీ ఛానల్ ఈఎస్‌పీఎన్‌తో కొత్త ఒప్పందం ఏడాదికి 130 కోట్ల డాలర్లు. అందులో బిగ్ టెన్, ఎస్ఈసీలకి చెరో 29 శాతం దాకా, ఏసీసీకి 17, బిగ్ 12కి 15. పద్ధతి ఎలా మారాలన్నదాంట్లోనూ ఆ మొదటి రెండిటి మాటే చెల్లుతుంది. ఆ ధీమాతోనే 2025లో బిగ్ టెన్ ఒక ప్రతిపాదన ముందుకు తెచ్చింది: 16 జట్లు, తమకి నాలుగు, ఎస్ఈసీకి నాలుగు, ఏసీసీకి రెండు, బిగ్ 12కి రెండు, చిన్నవాళ్ళకి ఒకటి, మిగతా మూడు ర్యాంకుని బట్టి. మీరు "ఏ కాన్ఫరెన్స్‌కి ఎన్ని సీట్లు" అని అడిగారే, సరిగ్గా అదే. దానికి ఎదురుగా ఐదుగురు ఛాంపియన్లు, 11 ఇతర జట్లు అన్న ప్రతిపాదన వచ్చింది. ఎస్ఈసీ 16 చాలంటే బిగ్ టెన్ 24 కావాలంది. 2026 జనవరి నాటికి ఒప్పందం కుదరక 12 దగ్గరే ఆగారు.

నేను ఆ 4-4-2-2-1కి పూర్తిగా వ్యతిరేకం. ఒక కాన్ఫరెన్స్‌లో నాలుగో జట్టుకి, సీజన్ మొదలవకముందే, ఆ కాన్ఫరెన్స్ పేరు చూసి సీటు రాసిపెట్టడం నాకు మింగుడుపడదు. ఛాంపియన్ సీటు అలా కాదు. అది ఖాళీగా ఉంటుంది, 16వ స్థానంలో ఉన్నవాళ్ళైనా సరే ఆడి గెలిచి కూర్చోవచ్చు.

మీ తమ్ముడిని డిసెంబర్ మొదటి వారాంతంలో వచ్చే కాన్ఫరెన్స్ ఫైనల్స్ చూడమనండి. ర్యాంకులో వెనకున్న జట్టు ఆడే ఫైనల్ ఏదైనా పెట్టుకోమనండి. ప్లేఆఫ్ మొదటి రౌండ్ మెరుగైన సీడ్ ఉన్నవాళ్ళ క్యాంపస్‌లోనే జరుగుతుంది. వాళ్ళ కాలేజీకి ఆ అవకాశం వస్తే స్టూడెంట్ టికెట్ కోసం వెంటనే ప్రయత్నించమనండి. టికెట్ దొరక్కపోతే కౌంటర్‌లో పని దొరుకుతుందేమో అడగమనండి, చప్పుడైనా వినొచ్చు.