సుడిదోమకు మందు ఎందుకు పారడం లేదు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. చెరువు కింద రెండెకరాల్లో బీపీటీ 5204 వరి నాటాను. వరి రసం పీల్చే సుడిదోమకు ఏటా ఇమిడాక్లోప్రిడ్ మందు ఎకరాకు 50 మి.లీ. కొడితే సరిపోయేది. ఈసారి మూడు దఫాలు కొట్టాను. చివరిసారి మోతాదు రెట్టింపు చేశాను. అయినా దోమ దిగలేదు. మందుకు అలవాటు పడిపోయిందా?
– ఒక రైతు

జవాబు: ఏ దోమా మందుకు అలవాటు పడదండీ. పుట్టుకతోనే తట్టుకునే జన్యువు ఉన్న దోమలు కొన్ని మీ కయ్యలో ముందునుంచే ఉంటాయి. మందు మిగతావాటిని చంపి, వీటికి చోటిస్తుంది. లెక్క కోసం ఇలా అనుకుందాం. వెయ్యి దోమల్లో ఒకటి తట్టుకునే రకం. మందు మామూలు దోమల్లో నూటికి 95 చంపుతుంది, తట్టుకునే రకాన్ని ఏమీ చేయలేదు. మొదటి దఫా తర్వాత బతికినవాటిలో తట్టుకునేవి నూటికి 2. రెండో దఫాకు సుమారు 29. మూడో దఫాకు 89. గుడ్డు పెద్ద దోమ కావడానికి మూడు నాలుగు వారాలు చాలు కాబట్టి ఒక్క పంటకాలంలోనే ఇన్ని తరాలు తిరుగుతాయి. మొదటి దఫా బ్రహ్మాండంగా పనిచేసి, మూడోది తుస్సుమనడం ఇందుకే.

ఇమిడాక్లోప్రిడ్ విషయంలో ఆ జన్యువు ఏమిటో ఇప్పుడు బాగానే తెలుసు. దోమ ఒంట్లో విషాలను విరగ్గొట్టే సైటోక్రోమ్ పి450 ఎంజైములు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తయారుచేసే జన్యువు పేరు సీవైపీ6ఈఆర్1. ఆసియా దేశాల దోమలపై 2018లో వెలువడిన పరిశోధన ప్రకారం, తట్టుకునే దోమల్లో ఈ జన్యువు ఒకటికి రెండైంది. ఒక ప్రతి పాత పని చూసుకుంటోంది. ఆ పనికి లోటు లేదు కాబట్టి రెండో ప్రతి మారినా దోమకు నష్టం రాలేదు. అందులో కొన్ని అమైనో ఆమ్లాలు మారి, ఇమిడాక్లోప్రిడ్ అణువును పట్టి విరిచే గుణం వచ్చింది. పైగా జన్యువును నడిపించే ముందు భాగం కూడా మారడంతో ఆ ఎంజైము మామూలు దోమలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తయారవుతోంది. మందు నరానికి చేరేలోపే విరిగిపోతోంది.

మోతాదు రెట్టింపు చేస్తే ముందు పోయేవి సాలీళ్లు, దోమ గుడ్లను పీల్చేసే ఆకుపచ్చ మిరిడ్ నల్లులు. మీ కయ్యలో మీకోసం ఉచితంగా పనిచేసేవి అవే. దయచేసి మోతాదు ఇక పెంచకండి.

ఇప్పుడు చేయాల్సింది: ఇమిడాక్లోప్రిడ్ ఆపేయండి. థయోమిథాక్సామ్, డైనోటెఫ్యూరాన్ కూడా అదే గుంపువి (ఒకే తీరున పనిచేసే మందులు), వాటికి మారితే మారినట్టు కాదు. పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ ఎకరాకు 120 గ్రాములు, లేదా ట్రైఫ్లుమెజోపైరిమ్ 10 ఎస్‌సీ ఎకరాకు 94 మి.లీ. 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టండి. రెండోదాన్ని పంటకు ఒక్కసారికి మించి వాడొద్దు. కొట్టేముందు కయ్యలో నీరు తీసేయండి. దోమ ఉండేది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన. నాజిల్ అక్కడికి చేరాలి. కంకుల మీద తడిపితే డబ్బు దండగ. యూరియా కొన్నాళ్లు ఆపండి. కొనేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాల కంపెనీ పేరు కాకుండా, కింద చిన్నక్షరాల్లో ఉండే టెక్నికల్ పేరు, అంటే అసలు మందు పేరు చదవండి. నాలుగు పేర్లతో నాలుగు డబ్బాలు కొని ఒకే మందు కొడుతున్న రైతులు చాలామంది.

ప్రశ్న: దోమ తట్టుకుంటోందా, మేమే సరిగా కొట్టలేదా? ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉందా?
– నాయుడుపేట పాఠకుడు

జవాబు: ఉంది. మందు కొట్టని దుబ్బుల నుంచి వేళ్లతో సహా పిలకలు తీసి కడిగి, జానెడు ఎత్తున కత్తిరించండి. చేతులకు తొడుగులు వేసుకుని, పొలంలో వాడే మోతాదులోనే ఒక లీటరు మందు నీళ్లు కలపండి (ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ అయితే 0.25 మి.లీ.; సూది లేని సిరంజితో కొలవండి). పిలకలను 30 సెకన్లు ముంచి, గంటసేపు నీడన ఆరనివ్వండి. వేళ్లకు తడి దూది చుట్టి గ్లాసులో నిలబెట్టండి. ఒక్కో గ్లాసులో 15 పిల్ల దోమలు వదిలి పలుచటి గుడ్డ కట్టండి. మందుకు మూడు గ్లాసులు, ఉత్త నీళ్లలో ముంచినవి మూడు. నాలుగో రోజు లెక్కించండి. నీళ్ల గ్లాసుల్లోనే ఐదింట ఒకటికి మించి చస్తే పరీక్ష చెల్లదు, మళ్లీ చేయాలి. నీళ్లవి బతికి, మందువీ సగానికి పైగా బతికితే లోపం మీ చేతిలో లేదు, దోమలోనే ఉంది. మందు గ్లాసుల్లో దాదాపు అన్నీ చస్తే మాత్రం నాజిల్, నీటి పరిమాణం, కొట్టిన ఎత్తు చూసుకోవాలి. ఆ గ్లాసులు మళ్లీ ఇంట్లో వాడకండి.

ఒక్క జాగ్రత్త. బుప్రోఫెజిన్ అనే మందును ఇలా పరీక్షిస్తే, పనిచేయలేదని నాలుగో రోజుకే తీసిపారేయకండి. అది పిల్ల దోమ కుబుసం విడిచేటప్పుడే చంపుతుంది, రెక్కల దోమను చంపదు. ఐదో రోజు దాకా ఆగాలి. అయితే దానికీ తట్టుకునే దోమలు వచ్చాయి. వాటిలో దోమ పైపొరకు కావాల్సిన కైటిన్‌ను తయారుచేసే ఎంజైములో 932వ స్థానంలోని గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం సిస్టీన్‌గా మారింది. ఇక్కడ మందు విరగడం లేదు, అతుక్కునే చోటే మారింది.

ప్రశ్న: రెండు మూడు మందులు కలిపి కొడితే తొందరగా పోతుందని సత్యవేడు వైపు కొందరంటున్నారు. నిజమా?

జవాబు: కాదు. ముఖ్యంగా సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే తరహా పురుగుమందులు కలిపితే సాలీళ్లు చచ్చి, పది పదిహేను రోజుల్లో దోమ మునుపటికంటే ఎక్కువగా లేస్తుంది. ఒకసారికి ఒకే మందు. తర్వాతి దఫాకు గుంపు మార్చండి.

ప్రశ్న: దోమను తట్టుకునే వరి వంగడం వేస్తే ఈ బాధ తప్పుతుందా?
– తిరుపతి విద్యార్థిని

జవాబు: చాలావరకు తప్పుతుందమ్మా, కానీ అక్కడా ఇదే జన్యు లెక్క. దోమను తట్టుకునే బీపీహెచ్1 అనే ఒకే జన్యువుతో 1973లో ఫిలిప్పీన్స్‌లో ఐఆర్26 అనే వరి వంగడం విడుదలైంది. అందరూ అదే వేయడంతో మూడు నాలుగేళ్లలోనే దాన్ని తినగల దోమలు పెరిగాయి. మన దగ్గర బీపీటీ 5204కు దోమ బాగా పడుతుంది. ఎంటీయూ 1010, ఎంటీయూ 1061 కొంత తట్టుకుంటాయి. ఏ వంగడమైనా నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. పాయ వదలాలి. గాలీ వెలుతురూ దుబ్బు మొదట్లోకి దిగుతాయి, మందు కొట్టాల్సి వస్తే నాజిల్ దూరడానికీ దారి ఉంటుంది. నాటిన నెల తర్వాత వారానికోసారి ఆ పాయల్లో నడుస్తూ ఇరవై దుబ్బులను తట్టి చూడమని ఇంట్లో చెప్పండి. పిలకల దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 దోమలు కనిపిస్తేనే డబ్బా మూత తీయాలి.