అద్దం బల్ల మీద గోళ్ల రంగు

చిరంజీవి స్వప్నకు నల్లగొండ నుంచి పెద్దనాయన ఆశీస్సులు.

బతుకమ్మకు గోళ్లకు రంగు వేసుకుంటూ పిల్ల సీసా ఒంపిందని, మీ అమ్మ పెండ్లినాటి టేకు అద్దం బల్ల మీద మరక పడిందని అల్లుడు ఫోన్‌లో చెప్పాడు. పిల్లను తిట్టకు. రిమూవర్ సీసా మూత మాత్రం తీయకు.

రిమూవర్లలో ఎక్కువగా ఉండేది అసిటోన్. అది గోళ్ల రంగుతో పాటు కింది పాలిష్‌నూ లేపుతుంది. మరక పోతుంది, దాని చోట బోడి చెక్క తేలుతుంది. అప్పుడు బల్ల పైభాగమంతా గీకి మళ్లీ పాలిష్ కొట్టించాలి. ఇప్పటి కూలీలకు అది చిన్న ఖర్చు కాదు.

మీ బల్లకు ఉన్నది పాతకాలపు స్పిరిట్ పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరగబెట్టి గుడ్డతో రుద్దుతారు. అందుకే శానిటైజర్, సెంటు, బాడీ స్ప్రే కూడా దాని దగ్గరకు రానీయకు, వాటిలో ఉండేదీ ఆ స్పిరిట్ జాతే. కొందరు హెయిర్ డ్రైయర్ పెట్టమంటారు. లక్క వేడికి మెత్తబడుతుంది, అదీ వద్దు. తడిగుడ్డ వేసి ఉంచినా తెల్లమచ్చ వస్తుంది.

రంగు ఆరిపోయింది కాబట్టి నీకు పని సులువే. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే ఇంకా పాకేది. పనికిరాని ఏటీఎం కార్డు తీసుకుని, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని, మరక అంచు నుంచి లోపలికి మెల్లగా నెట్టు. పెచ్చులుగా లేస్తుంది. తొందరపడి కత్తి, బ్లేడు పట్టావో, గీత పడుతుంది. గిన్నెలు తోమే స్టీల్ పీచు కూడా అంతే.

ఇంకా పలుచటి ఎరుపు మిగిలితే పెయింట్ల దుకాణంలో 1500 నంబరు వాటర్ పేపర్ (చాలా సన్నటి గరుకు కాగితం), కొంచెం టర్పెంటైన్ తెచ్చుకో. టర్పెంటైన్ రంగును కరిగించదు, కాగితం గీరకుండా జారనిస్తుంది, అంతే. కిటికీలు తెరువు, దీపం దగ్గర పెట్టకు. మరక మీదే, చెక్క పోగు వెంట, వేలి కొసతో తేలికగా రుద్దు. నాలుగు సార్లు రుద్ది, తుడిచి చూడు. ఎరుపు పోగానే ఆపెయ్. అక్కడ మెరుపు తగ్గుతుంది, మైనం పాలిష్ రాస్తే చాలావరకు కలిసిపోతుంది. కలవకపోతే వదిలెయ్, దీపావళికి పాలమూరు వచ్చినప్పుడు లక్క, స్పిరిట్ నేనే తెస్తాను.

బీరువా తలుపు మీద కూడా రెండు చుక్కలు పడ్డాయట. అది సన్‌మైకా కదా, దానికి రిమూవర్ పర్వాలేదు. దూదితో అద్ది వెంటనే తుడిచెయ్, అంచుల్లోకి మాత్రం కారనీయకు, లోపలి జిగురు వదులుతుంది.