అభిమాన డిజైనర్ ఎదురుపడితే ఏం మాట్లాడాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను తణుకులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఏటికొప్పాక లక్కపనితో కమ్మలు, గాజులు, పూసల దండలు చేయించే ఒక డిజైనర్ అంటే నాకు పిచ్చి అభిమానం. వచ్చే నెల వైజాగ్‌లో ఎగ్జిబిషన్‌కి ఆవిడే స్వయంగా వస్తున్నారట. నా దగ్గర ఆవిడ చేయించిన బుట్టకమ్మలు ఒక్క జతే ఉన్నాయి, అవీ పాతబడ్డాయి. ఇంగ్లీషు గడగడా మాట్లాడలేను. ఏమీ కొనకుండా పలకరిస్తే ఏమనుకుంటారో! సెల్ఫీ అడగొచ్చా? ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీరు రాసిన ఆ డిజైనర్ పేరు ఇక్కడ వేయడం లేదు. ఆవిడ స్టాల్ మీకు తెలుసు, అది చాలు.

ముందు ఆ ఒక్క జత సంగతి చూద్దాం. అవే పెట్టుకుని వెళ్లండి. రంగు కాస్త తగ్గినా, ఎక్కడైనా గీత పడినా ఫరవాలేదు. ఏలూరులో నేను ఫ్యాన్సీ షాపు నడిపిన రోజుల్లో, సరుకు ఇచ్చే డిజైనర్లు వచ్చి కాసేపు కూర్చునేవారు. టీ తాగుతున్నంతసేపూ వాళ్ల చూపు లోపలికి వచ్చే ఆడవాళ్ల చెవుల మీదే ఉండేది. ఒకసారి అమ్ముడుపోయిన వస్తువు మళ్లీ వాళ్ల కంటపడదు. వాడగా వాడగా అది ఎలా ఉందో, ఏ కొక్కెం వదులైందో, ఏ రంగు నిలిచిందో చూడాలని వాళ్లకీ ఉంటుంది. మీ పాత కమ్మలు చూడగానే ఆవిడే మిమ్మల్ని పలకరిస్తే నేనేం ఆశ్చర్యపోను.

"మీ డిజైన్లు చాలా బాగుంటాయండీ" అనే మాట ఆవిడ ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వింటూనే ఉంటారు. నవ్వి, థాంక్యూ చెప్పి పక్కవాళ్ల వైపు తిరుగుతారు. ఆ మాటకి అంతకన్నా ఏం బదులిస్తారు పాపం! అదే మీరు, "మా అమ్మ బంగారు బుట్టలు పెట్టుకుంటే మాటీలు లేకుండా చెవి ఆగదు. ఇవి అంతకన్నా పెద్దవి, అయినా పెట్టుకున్నట్టే ఉండదు" అన్నారనుకోండి, కబుర్లు వాటంతట అవే మొదలవుతాయి. ఎందుకంటే మీరు మెచ్చుకున్నది అసలు కిటుకుని. అవి అంకుడు కర్రతో చేసినవి. తేలికైన, మెత్తని కర్ర అది, నునుపుగా తిరుగుతుంది. లేత్ మీద కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి నొక్కుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. మీరు ఆవిడతో ఒకటి అడగాలనుకుంటే రంగుల గురించి అడగండి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు... ఏ రంగు దేని నుంచి తీశారు, ఏది తొందరగా వెలుస్తుంది అని. ఏటికొప్పాక పనిలోకి చెట్ల నుంచి, గింజల నుంచి తీసే రంగుల్ని మళ్లీ తెచ్చినందుకే కదా సి.వి.రాజు గారికి అంత పేరు, 2023లో పద్మశ్రీ.

రెండో ప్రశ్న ఇంకొంచెం ధైర్యంగా అడగాలి: "నా కమ్మలు లేత్ మీద తిప్పింది ఎవరండీ?" మీ డిజైనర్ గీస్తారు, రంగులు ఎంచుతారు, కొలతలు చెబుతారు. కర్ర తిప్పే చేతులు మాత్రం ఏటికొప్పాకలో ఉన్నాయి. మంచి డిజైనర్ అయితే ఈ ప్రశ్నకి మొహం వెలిగిపోతుంది, ఫోన్ తీసి ఫొటో కూడా చూపిస్తారు. మాట దాటేస్తే ఆవిడ మీద మీ అభిమానం ఏమవుతుందో నాకు తెలియదు, నాకైతే కాస్త తగ్గుతుంది.

అన్నట్టు, మీరు వైజాగ్ వెళ్లే దారిలోనే ఆ ఊరు ఉంది. బస్సులో అయితే అడ్డరోడ్డు దగ్గర, రైల్లో అయితే నర్సీపట్నం రోడ్‌లో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. వరాహ నది ఒడ్డున చిన్న ఊరు. 2017లో, ఇదే లక్కపనితో చేసే ఏటికొప్పాక బొమ్మలకి జీఐ గుర్తింపు, అంటే ఈ వస్తువు ఫలానా ఊరిదే అని చెప్పే అధికారిక గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కూడా ఆ బొమ్మలే ఊరేగాయి. వీలైతే ఎగ్జిబిషన్ కన్నా ముందే అక్కడికి వెళ్లండి. లక్క కర్రని పట్టుకునే ఆ క్షణం ఒక్కసారి కళ్లారా చూస్తే, స్టాల్ దగ్గర మాటలు వెతుక్కోవాల్సిన అవసరం ఉండదు.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. కమ్మ తీసి చేతిలో పెట్టి, వేలితో చూపించి తెలుగులోనే అడగండి. ఆవిడకి రాకపోతే పక్కన తెలుగు వచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, అది వైజాగే కదా!

కొనడం మీ ఇష్టం. మరీ మొహమాటంగా ఉంటే చిన్న హెయిర్ క్లిప్పో, ఒక జత గాజులో తీసుకోండి. అంతేగానీ పలకరించినందుకు ఫీజు అన్నట్టు స్తోమతకి మించి కొనొద్దు. ఏమీ కొనకపోతే మాత్రం బేరం దగ్గర నిలబడ్డవాళ్లకి దారి వదిలి, జనం పలచబడ్డాక మాట్లాడండి. మొదటిరోజు మధ్యాహ్నం భోజనాల వేళ నాకు తెలిసి మంచి సమయం. చివరిరోజు సాయంత్రం అస్సలు వద్దు, అప్పటికి వాళ్లు లెక్కల్లో, ప్యాకింగ్‌లో మునిగిపోయి ఉంటారు.

సెల్ఫీ అడగండి, చాలామంది సంతోషంగా ఇస్తారు. కొత్త డిజైన్లని దగ్గర్నుంచి ఫొటోలు తీసేముందు మాత్రం విడిగా అనుమతి తీసుకోండి. కాపీ కొట్టేవాళ్ల బాధ వాళ్లకి రోజూ ఉండేదే. ఇంకో చిన్న జాగ్రత్త: చేతికి శానిటైజర్ రాసుకుని ఆ తడితో లక్క నగలు ముట్టుకోవద్దు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఇంట్లో సెంటు కొట్టుకున్నా, అది పూర్తిగా ఆరాకే కమ్మలు పెట్టుకోండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా కరీంనగర్ వెండి తీగ పనితో చెవి కమ్మలు, బ్రూచ్‌లు చేయిస్తే బాగుంటుందని డిజైన్లు గీస్తుంటాను. హైదరాబాద్‌లో ఒక పెద్ద డిజైనర్‌ని కలిసే అవకాశం వచ్చింది. నా స్కెచ్‌లు చూపించమంటారా? కాపీ కొడతారేమోనని మా అన్నయ్య భయపెడుతున్నాడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ అన్నయ్య భయం అర్థంలేనిది కాదు, కానీ ఆ భయంతో ఇంట్లో కూర్చుంటే స్కెచ్‌లు బీరువాలోనే ఉంటాయి. డిజైన్స్ యాక్ట్, 2000 అని ఒక చట్టం ఉంది. వస్తువు ఆకారాన్నీ, దాని మీది అలంకరణనీ దాని కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. మొదట 10 ఏళ్లు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. మెలిక ఎక్కడుందంటే, దరఖాస్తు చేయకముందే బయటపెట్టేసిన డిజైన్‌ని చట్టం కొత్తదిగా చూడదు. మీ వయసువాళ్లు గీసిన రాత్రే ఇన్‌స్టాలో పెట్టేస్తారు. నా దృష్టిలో మీకు ఆ డిజైనర్ కన్నా ఇన్‌స్టాతోనే ముప్పు ఎక్కువ. బాగా నమ్మకం ఉన్న ఒకటి రెండు డిజైన్లకి ముందే దరఖాస్తు పెట్టండి. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు.

ఇక కలవడానికి వెళ్లినప్పుడు ఫైలంతా తీసుకెళ్లి టేబుల్ మీద పరచకండి. ఒక్క డిజైన్‌ని కంసాలి చేత వెండిలో చేయించి, ఆ వస్తువు పట్టుకెళ్లండి. కాగితం మీద ఏ తీగైనా వంగుతుంది. నిజంగా వెండి తీగని సన్నగా లాగి, మెలిపెట్టి, అతికేటప్పుడు మీ గీతల్లో ఏది నిలబడుతుందో కంసాలి చెబుతాడు. మీ ఊరి పనికి 2007లోనే జీఐ వచ్చింది, ఆ పని తెలిసినవాళ్లు మీకు అందుబాటులో ఉన్నారు. హైదరాబాద్ డిజైనర్‌కి లేని సౌకర్యం అది. "ఉద్యోగం ఇస్తారా" అని మాత్రం మొదటి కలయికలోనే అడగొద్దు. "ఇందులో మీరైతే ఏం మారుస్తారు?" అని అడిగి, చెప్పింది రాసుకోండి.

ప్రశ్న: మా ఆవిడకి తెలియకుండా లాడ్ బజార్‌లో లక్క గాజులు కొనాలి. ఆమెకి నచ్చిన రకం చేసే షాపు తెలుసు, సైజే తెలియదు.
– ఒక భర్త, సూర్యాపేట

జవాబు: ఆమె రోజూ వేసుకునే మట్టిగాజు ఒకటి తీసి, కాగితం మీద పెట్టి లోపలి అంచు వెంట పెన్సిల్‌తో గీయండి. అడ్డుకొలత చూడండి. షాపులో 2-4 అంటే రెండు అంగుళాల మీద పదహారులో నాలుగు వంతులు, అంటే రెండుంబావు. 2-8 అంటే రెండున్నర. మధ్యలోది 2-6. ఆ కాగితమే జేబులో పెట్టుకెళ్లండి, సైజు వాళ్లే చెబుతారు. అనుమానంగా ఉంటే ఒక సైజు పెద్దదే మేలు, లక్క గాజు మందంగా ఉంటుంది. కొన్ని షాపుల ముందే లక్కని నిప్పు మీద మెత్తబరిచి ఒక్కో రాయి పొదుగుతుంటారు, అలాంటి చోట కొంటే రాయి ఊడినా మళ్లీ అక్కడికే తీసుకెళ్లి పెట్టించుకోవచ్చు. బిల్లు మీ దగ్గరే దాచండి. రంగు నచ్చకపోతే మార్పించాల్సింది మీరే.