విమాన టికెట్ మీద ఆ ఒక్క అక్షరం ముందే చూపించకపోతే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. లెక్చరర్‌గా రిటైరయ్యాను. యూరప్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లడానికి నాకూ మా ఆవిడకూ ఢిల్లీ మీదుగా రానూపోనూ టికెట్లు ఒక ట్రావెల్ పోర్టల్‌లో కొన్నాను. కొనేటప్పుడు తెర మీద 'ఎకానమీ' అని మాత్రమే కనిపించింది. టికెట్ మెయిల్‌కి వచ్చాక చూస్తే 'క్లాస్' అన్నచోట 'ఎల్' అని ఉంది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఇదివరకటి విమాన ప్రయాణాలకు నా ఖాతాలో చేరిన మైల్స్ (పాయింట్లు)తో ఆమె సీటును బిజినెస్ క్లాసుకి మార్పిద్దామనుకున్నాను. 'ఎల్' క్లాసుకి అప్‌గ్రేడ్ లేదని, తేదీ మార్చాలంటే చార్జీ కట్టాలని, రద్దు చేస్తే బేస్ ఫేర్ (పన్నులు, రుసుములు కాకుండా టికెట్ అసలు ధర) మొత్తం పోతుందని విమాన సంస్థ వాళ్లు అంటున్నారు. పోర్టల్ వాళ్లేమో 'నిబంధనలు అంగీకరిస్తున్నాను' అని మీరే టిక్ పెట్టారు కదా అంటున్నారు. ఇంకొంచెం ఎక్కువ పెడితే అప్‌గ్రేడ్ అయ్యే టికెట్ దొరికేదని ఇప్పుడు తెలిసింది. ఆ అక్షరం ముందే చూపించకపోవడం చట్టరీత్యా తప్పు కాదా? ఇకమీదట ముందే తెలుసుకోవడం ఎలా?

జవాబు: మాస్టారూ, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ టికెట్లను ఇప్పుడే రద్దు చేయకండి. చాలామంది కోపంలో రద్దు చేసేసి ఆ తర్వాత లాయరు దగ్గరికి వస్తారు. అప్పుడు అవతలివాళ్లు 'మేం ఏం చెప్పాం, ఏం చెప్పలేదు' అన్న విషయాన్ని పక్కన పెట్టి, 'ఆయనే రద్దు చేసుకున్నారు' అన్న ఒక్క మాట పట్టుకుంటారు.

ఇక ఆ అక్షరం సంగతి. ఎకానమీ, బిజినెస్ అన్నవి విమానంలో మీరు కూర్చునే చోటును చెబుతాయి. ఒక్క ఎకానమీలోనే పక్కపక్క సీట్లను వేర్వేరు ధరలకు, వేర్వేరు షరతులతో అమ్ముతారు. ఆ రకాలకు పెట్టిన గుర్తులే ఈ అక్షరాలు. రైల్లో ఒకే బోగీలో మామూలు టికెట్‌వాళ్లూ తత్కాల్‌వాళ్లూ పక్కపక్కనే ప్రయాణం చేస్తారు. కానీ కన్‌ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే డబ్బు రాదు, మామూలు టికెట్‌కి కొంత వస్తుంది. ఇదీ అలాంటిదే. సాధారణంగా 'వై' అంటే పూర్తి ధర ఎకానమీ, 'జె' లేదా 'సి' అంటే బిజినెస్, 'ఎఫ్' అంటే ఫస్ట్. మధ్యలో ఉండే బి, ఎం, క్యూ, ఎల్, వి లాంటివాటికి ఏ షరతులు పెట్టాలన్నది ఆయా సంస్థల ఇష్టం. ఒక సంస్థలో 'ఎల్'కి అప్‌గ్రేడ్ లేకపోతే మరోదానిలోనూ ఉండదని అనుకోనక్కర్లేదు. జీఎస్టీ కూడా ఈ అక్షరాలను పట్టించుకోదు. ఎకానమీ అయితే 5 శాతం, ఆపై తరగతులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం, అంతే.

ఈ అక్షరాన్ని కొనుగోలుదారుడికి చూపించి తీరాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, టికెట్ రిఫండ్ నిబంధనల్లో ఎక్కడా లేదు. అందుకని 'ఎల్ అని ముందు చెప్పలేదు' అన్న ఒక్క కారణం మీద కేసు వేస్తే అది నిలవడం కష్టం. మీకు నిజంగా ఉన్న హక్కు వేరే ఉంది. ఆ అక్షరం వెంట వచ్చే పర్యవసానాలు డబ్బు కట్టకముందే మీకు తెలియాలి. రద్దు చేస్తే ఎంత వస్తుందో అనుమానానికి తావులేకుండా విమాన సంస్థ చెప్పాలని, ఆ వివరాలు టికెట్ మీదో విడి పత్రంలోనో ఇవ్వవచ్చని, రిఫండ్ విధానం వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. మీ ఫిర్యాదును దీని చుట్టూ అల్లాలి.

రెండో ఆధారం ఇంకా బలమైనది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) 'సేవాలోపం' అంటే ఏమిటో చెబుతూ, సంబంధిత సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడాన్ని కూడా అందులో చేర్చింది. 1986 నాటి పాత చట్టంలోని నిర్వచనంలో ఈ మాట లేదు. దీనికి తోడు 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే వెబ్‌సైట్లలో కొనేవాళ్లను మభ్యపెట్టే పద్ధతుల మీద, మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాల మాయలను పేరుపేరునా రాశారు. కొనేవాడికి కావలసిన సమాచారాన్ని మసకబరిచి, అమ్మేవాళ్లకు కావలసిన బటన్‌ను మాత్రం పెద్దగా చూపించడం వాటిలో ఒకటి. ధరలో కొంత భాగాన్ని చివరిదాకా దాచి ఉంచడం మరొకటి. మీరు కొన్న పేజీలో 'ఇప్పుడే కొనండి' అన్నది కొట్టొచ్చినట్టు ఉండి, షరతుల లింకు బూడిద రంగులో అడుగున ఎక్కడో ఉందా? ఉంటే అది మీకు పనికొచ్చే సాక్ష్యం.

'టిక్ పెట్టారు కదా' అన్న జవాబుకు భయపడకండి. అయితే ఆ టిక్ ఎవరు పెట్టారన్నది ముఖ్యం. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ముందే టిక్ పెట్టి ఉంచిన గడితో సమ్మతి తీసుకోకూడదు. టిక్ మీరే పెట్టి, పక్కనే షరతుల లింకు స్పష్టంగా ఉండి, మీరు తెరవకుండా ముందుకెళ్లి ఉంటే మాత్రం కేసు బలహీనమే. చదవలేదన్న వాదనకు వినియోగదారుల కమిషన్‌లో పెద్దగా విలువ ఉండదు. అదే, ఆ పేజీలో ఎక్కడైనా 'మైల్స్‌తో అప్‌గ్రేడ్' అని గానీ 'ఉచితంగా తేదీ మార్పు' అని గానీ రాసి, టికెట్‌లో అది లేకపోతే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. అది తప్పుదారి పట్టించే ప్రకటన అవుతుంది. అలాంటి కేసు వేయడానికి నేనైతే వెనకాడను.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 'ఈ షరతే అన్యాయం, దీన్ని కొట్టేయండి' అని అడిగితే అది 'అన్యాయ ఒప్పందం' కిందికి వస్తుంది. దాన్ని వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. 'షరతు ఏదైనా కానీ, నాకు ముందు చెప్పలేదు' అని అడిగితే అది సేవాలోపం. విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. మీకు రెండోదే మేలు.

కేసు ఇక్కడే వేయొచ్చా అన్న సందేహం మీకూ వచ్చే ఉంటుంది. టికెట్ షరతుల్లో 'వివాదాలన్నీ ఫలానా ఊరి కోర్టుల్లోనే' అని రాస్తుంటారు. ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసుకోవచ్చని 2019 చట్టం సెక్షన్ 34 స్పష్టంగా చెబుతోంది. అంతకుముందు కూడా, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి ఆలస్యంగా వచ్చిన ఒక ప్రయాణికుడు హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్తే, ఢిల్లీ కోర్టులకే అధికారం ఉందన్న ఇండిగో అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు 2011లో ఒప్పుకోలేదు. అయితే అదే తీర్పులో, పొగమంచు వల్ల అయిన ఆలస్యానికి నష్టపరిహారం మాత్రం దక్కలేదు. ఇది కూడా మీరు గుర్తుంచుకోవాలి. కేసు ఎక్కడ వేయాలన్నది ఒక ప్రశ్న, గెలుస్తామా లేదా అన్నది మరో ప్రశ్న.

డబ్బు విషయానికొద్దాం. ఒకవేళ చివరికి రద్దు చేయక తప్పకపోతే 'నాన్ రిఫండబుల్' అన్న మాట చూసి మొత్తం పోయిందనుకోకండి. భారతీయ సంస్థ అయితే రద్దు చార్జీ బేస్ ఫేర్, ఇంధన సర్‌చార్జీ రెండూ కలిపిన మొత్తాన్ని మించకూడదు. ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు వాపసు ఇవ్వాల్సిందే. ఆఫర్ టికెట్ అయినా ఇదే నియమం. అంతర్జాతీయ టికెట్లో ఈ పన్నులు, రుసుములు చిన్న మొత్తమేమీ కాదు, అయినా చాలామంది అడగకుండా వదిలేస్తారు. పోర్టల్ ద్వారా కొన్నా వాపసు బాధ్యత విమాన సంస్థదే, ఎందుకంటే ఏజెంటు వాళ్ల ప్రతినిధి. డబ్బుకు బదులు 'మా దగ్గర క్రెడిట్‌గా ఉంచుతాం' అంటే, ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. విదేశీ సంస్థ అయితే ఎంత తిరిగి రావాలన్నది ఆ సంస్థ సొంత దేశపు నిబంధనలను బట్టి ఉంటుంది. కాబట్టి మీ టికెట్ జారీ చేసిన సంస్థ ఏదో, విమానం నడిపేది ఎవరో చూసుకోండి. రెండూ ఒకటే కాకపోవచ్చు.

అసలు రద్దు దాకా వెళ్లకముందే చేయాల్సింది ఇంకొకటుంది. అప్‌గ్రేడ్‌కు వీలైన క్లాసులోకి మా టికెట్ మార్చడానికి ఎంత కట్టాలో చెప్పండని విమాన సంస్థకు మెయిల్ రాయండి. మార్పు చార్జీ, ధరల తేడా విడివిడిగా అడగండి. వాళ్లిచ్చే జవాబు రెండు విధాలుగా మీకు ఉపయోగం. అది భరించగలిగేలా ఉంటే కట్టి ప్రయాణం చేయండి, తర్వాత ఆ మొత్తం కోసం ఫిర్యాదు వేయండి. భరించలేనిదైతే, మీకు జరిగిన నష్టం ఇంత అని చూపడానికి అదే లెక్క. నష్టాన్ని తగ్గించుకోవడానికి మీరేం ప్రయత్నం చేశారని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం ఎలాగూ అడుగుతారు. అమ్మగారికి నడవా వైపు సీటు, వీల్‌చైర్ సాయం కావాలని కూడా అదే మెయిల్‌లో రాయండి. కేసు తేలేలోపు ఆమె సుఖంగా ప్రయాణం చేయడం ముఖ్యం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ముందే తెలుసుకునే దారులు ఉన్నాయి. విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో విమానం ఎంచుకున్నాక 'ఫేర్ డీటెయిల్స్' లేదా 'ఫేర్ రూల్స్' అన్నది తెరిస్తే చాలాసార్లు ఈ అక్షరం కనిపిస్తుంది. కొన్నిచోట్ల అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి 'ఫేర్ బేసిస్ కోడ్' ఉంటుంది. దాని మొదటి అక్షరమే సాధారణంగా బుకింగ్ క్లాస్, అంటే మనం చెప్పుకుంటున్న అక్షరం. అక్కడా దొరక్కపోతే గూగుల్ వారి ఐటీఏ మ్యాట్రిక్స్ అనే ఉచిత సైట్‌లో అదే ప్రయాణం వెతకండి. అది టికెట్లు అమ్మదు కానీ ప్రతి విమానానికీ అక్షరాన్ని, షరతులను చూపిస్తుంది. ఆ అక్షరానికి ఎన్ని మైల్స్ వస్తాయో, అప్‌గ్రేడ్ ఉందో లేదో మైల్స్ పథకం పేజీలో ఉండే పట్టికతో సరిచూసుకోండి. ఢిల్లీ దాకా ఒక అక్షరం, అక్కడి నుంచి మరో అక్షరం ఉండొచ్చు. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి కూడా ఉండొచ్చు. అన్నీ చూడాలి.

ఇవన్నీ తలనొప్పి అనిపిస్తే మన ఊళ్లో ఎవరైనా మంచి ట్రావెల్ ఏజెంటు దగ్గర కూర్చోండి. అమేడియస్, గెలీలియో లాంటి టికెట్ బుకింగ్ సిస్టమ్స్‌లో వాళ్లకు ప్రతి క్లాస్ అక్షరం పక్కన ఒక అంకె కనిపిస్తుంది. ఆ క్లాసులో అమ్మకానికి ఉన్న సీట్లు అవి. తొమ్మిదికి మించి ఎన్నున్నా తొమ్మిదనే చూపిస్తుంది. 'ఎం'లో ఒక్కటే మిగిలి ఉండగా ఇద్దరికి కలిపి వెతికితే, సిస్టమ్ ఇద్దరికీ ఎకానమీలోనే అంతకంటే ఖరీదైన క్లాసు ధర వేస్తుంది. అందుకని ఒక్కరికి, ఇద్దరికి వేర్వేరుగా వెతికించి చూడండి. మీలాంటి అవసరంలో ఇది ఇంకా ఉపయోగం. అమ్మగారికి అప్‌గ్రేడ్ అయ్యే క్లాసులో, మీకు చౌక క్లాసులో విడివిడిగా కొనుక్కోవచ్చు. డబ్బు కట్టేముందు 'అప్‌గ్రేడ్ ఉందా, తేదీ మార్పుకి ఎంత, రద్దుకి ఎంత' అన్న మూడు ప్రశ్నలు ఏజెంటుకి వాట్సాప్‌లో పంపి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. నోటిమాటగా ఎంత బాగా చెప్పినా కమిషన్‌లో అది నిలబడదు. ఇంకొకటి, బుక్ చేసిన 24 గంటల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకునే సౌకర్యాన్ని డీజీసీఏ 2016లో తెచ్చింది, ప్రయాణానికి కనీసం వారం ఉంటేనే అన్న షరతుతో. ఈ నిబంధనలను సవరిస్తూ ఉంటారు కాబట్టి కొనే రోజున డీజీసీఏ సైట్ చూసుకోండి. టికెట్ రాగానే ఆ అక్షరం చూసుకోవాల్సింది కూడా ఇందుకే.

ఫిర్యాదు వరుస ఇలా పెట్టుకోండి. ముందుగా పోర్టల్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి. విమాన సంస్థకూ అదే లేఖ పంపండి. విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం కేంద్రం నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేయండి. ఆ దశలోనే డబ్బు వెనక్కి వచ్చే కేసులు తక్కువేమీ కాదు. అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల గడువు. మీతోపాటు అమ్మగారిని కూడా ఫిర్యాదుదారుగా చేర్చండి. డబ్బు కట్టింది మీరే అయినా సేవ పొందాల్సిన వ్యక్తిగా ఆమె కూడా వినియోగదారే. పోర్టల్‌నూ విమాన సంస్థనూ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

ఈరోజే మీరు చేయాల్సిన పని మాత్రం వేరే. పోర్టల్ పేజీ రేపు మారిపోవచ్చు. అదే ప్రయాణానికి ఉత్తుత్తిగా మళ్లీ బుకింగ్ మొదలుపెట్టి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి ఆపేయండి. దారిలో ప్రతి తెరనూ తేదీ, సమయం కనబడేలా ఫోన్‌లో వీడియో తీయించండి. టికెట్ మెయిల్, బ్యాంకు మెసేజ్, కస్టమర్ కేర్ చాట్ అన్నీ ఒకచోట దాచండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన ధ్రువపత్రం ఏ ఫోన్‌తో తీశారో దాని వివరాలతో ఉండాలి కాబట్టి, ఆ ఫోన్‌ను ఇప్పట్లో మార్చకండి.