ముందు గుడ్డు, తర్వాత ఇంజెక్షన్ మాట

చి. అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్‌లో నీ మాటలు విన్నాక నిద్ర పట్టలేదురా. బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయి నాలుగు నెలలు, 26 కిలోలు తగ్గావు, సంతోషమే. కానీ భుజాలు జారిపోయాయని, మెట్లెక్కితే తొడలు వణుకుతున్నాయని చెబితే జిమ్‌లో ట్రైనర్ ఎవరో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇంజెక్షన్ వేయించుకోమన్నారట. కాస్త ఆగు. ఇదే ఆపరేషన్ చేయించుకుని, ఆ గుమ్మం దాకా నేనూ వెళ్లొచ్చినవాణ్ణే.

ఈ ఆపరేషన్ తర్వాత తగ్గే ప్రతి నాలుగు కిలోల్లో దాదాపు ఒకటి కొవ్వు కాదు. అందులో కొంత నీరు, కొంత కండ. మొదటి ఆరు నెలల్లోనే ఇది ఎక్కువ. నాకు ఐదో నెలలో, సత్యనారాయణ వ్రతంలో పీట మీద నుంచి లేవాలంటే మీ అత్తయ్య చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. పొట్టతో పాటు కాళ్లూ తగ్గిపోయాయి. డైటీషియన్ దగ్గర కూర్చుని లెక్కేస్తే తేలింది: పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం నాలుగు ముద్దల పప్పన్నం, సాయంత్రం కాఫీ. రోజుకు కనీసం 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలంటే నాకు అందులో సగం కూడా అందడం లేదు.

ఇక హార్మోన్ సంగతి. బాగా లావుగా ఉన్న మగవాళ్లకి టెస్టోస్టిరాన్ తక్కువ ఉండటం మామూలే. కొవ్వు దాన్ని ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మార్చేయడం ఒక కారణం. బరువు తగ్గేకొద్దీ చాలామందికి అది దానంతటదే పెరుగుతుంది. నాకు ఆపరేషన్‌కి ముందు తక్కువుంది, ఏడాది తిరిగేసరికి ఏ ఇంజెక్షనూ లేకుండానే నార్మల్‌కి వచ్చింది. కాబట్టి ముందు హార్మోన్ల డాక్టర్ (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరికి వెళ్లు. పొద్దున 10 లోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజులు రక్తపరీక్ష చేయించు. రెండుసార్లూ తక్కువే వచ్చి, లక్షణాలూ ఉండి, డాక్టర్ రాస్తే అప్పుడు వద్దనను. మెల్‌బోర్న్‌లో వందమంది స్థూలకాయులైన మగవాళ్ల మీద చేసిన పరిశోధన 2016లో వచ్చింది. డైటింగ్‌తో పాటు టెస్టోస్టిరాన్ తీసుకున్నవాళ్లకి కండ నిలిచి కొవ్వే తగ్గింది. అయితే వాళ్లు ఆపరేషన్ అయినవాళ్లు కాదు, పైగా మందు ఆపాక ఆ లాభమూ నిలవలేదు. నీకు ట్రైనర్ ఈ రెండో ముక్క చెప్పి ఉండడు.

ఇంకో మాట, మొహమాటం లేకుండా చెబుతున్నా. బయటి నుంచి హార్మోన్ వేస్తే ఒంట్లో సొంతంగా తయారవడం తగ్గిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి. రెండో బిడ్డ అనుకుంటున్నారు కదా, అది డాక్టర్‌కి ముందే చెప్పు. రక్తం చిక్కబడుతుంది కనుక హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, చూస్తూ ఉండాలి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే అది ముదరొచ్చు. ఇంజెక్షన్ బదులు హార్మోన్ జెల్ రాస్తే ఆ చర్మం పిల్లకి తగలకూడదు.

నీరసమంతా హార్మోన్‌దే అనుకోకు. బీ12, ఐరన్, విటమిన్ డి కూడా చూపించు. వాంతులవుతూ కాళ్లు తిమ్మిరెక్కుతుంటే బీ1 తగ్గి ఉండొచ్చు, ఆ రోజే సర్జన్‌కి ఫోన్ చెయ్యి, వాయిదా వేయకు.

తిండిలో ప్రొటీన్‌దే మొదటి ముద్ద, అన్నం చివర. గుడ్డుకి ఆరు గ్రాములు, వంద గ్రాముల పనీర్‌కి 18 దాకా. చేప, పెరుగు, మీల్‌మేకర్ కొంచెం కొంచెంగా రోజంతా తిను. చాలకపోతే వే పౌడర్ (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి) కలుపుకో. నీళ్లు మాత్రం తినేటప్పుడు వద్దు, అరగంట ఆగి తాగు.

కసరత్తు సర్జన్ సరేనన్నాకే. వారానికి రెండు మూడు రోజులు చాలు. నేను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలెట్టాను, తర్వాత రబ్బరు బ్యాండు, ఆపైన డంబెల్స్. బోరు కొడుతుంది, నిజమే. కానీ ప్రొటీన్, బరువులెత్తడం లేకపోతే ఇంజెక్షన్‌కి పని పెట్టేదెవరు?

రిపోర్టులు రాగానే వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం మీ అత్తయ్య కొరమీను పులుసు చేస్తోంది. ముక్కలు నువ్వు తిను, అన్నం సంగతి పిల్లలు చూసుకుంటారు.

మీ మామయ్య